కుర్చీ ఎక్కనన్న నడుం

నాకు నడుం పట్టిన పొద్దున మా కొంటా ఊళ్ళో సగం దుకాణాలు మూతపడ్డాయి. మిగతా సగం మూతపడకపోవడానికి కారణం, వాటిని మూయాల్సిన యజమానులు అప్పటికే వచ్చి మా ఇంటి ముందు నిలబడి ఉండటమే. శబరి నది కూడా ఆ పూట కాసేపు ఆగి, చూసి పోయిందని నా నమ్మకం. మా ఆవిడ మాత్రం వచ్చింది ఎదురింటి మిరపకాయల వ్యాపారీ, పాలు పోసే ఆయనా, ఒక మేకా అంటుంది. ఆమెకు లెక్కలు బాగా వచ్చు. నాకు జరిగింది బాగా తెలుసు.

నాది సత్తు గిన్నెల వ్యాపారం. బజారులో మా నాన్న నుంచి వచ్చిన దుకాణం ఒకటి ఉంది గానీ, అది గిన్నెలు నిద్రపోయే చోటు. వాటికి మెలకువ వచ్చేది సంతలో. గిన్నెలు, గంజులు, తట్టలు, బిందెలు తాళ్ళతో పెద్ద పెద్ద మూటలు కట్టి, మా చిన్న గాడీలో వేసుకుని, సుక్మా రోడ్డు మీద ఏ ఊళ్ళో సంత ఉంటే ఆ ఊరికి పోతాను. మూట ఒక్కొక్కటి గున్న ఏనుగంత ఉంటుంది. చక్రం గుంతలో పడితే లోపలి సామానంతా ఒకేసారి మోగుతుంది. ఆ మోతకు అడవిలో నెమళ్ళు పెళ్ళి ఊరేగింపేదో వస్తోందనుకుని రోడ్డు పక్కకు వచ్చి నిలబడతాయి.

సంతలో గోనెపట్టా పరిచి నేల మీద కూర్చుంటాను. ఇది పేదరికం కాదు, పద్ధతి. కొనడానికి వచ్చిన ఆవిడ నా ఎదురుగా గొంతుక్కూర్చుంటుంది. గిన్నె చేతిలోకి తీసుకుని, బోర్లించి, వేలి కణుపుతో కొట్టి మోత వింటుంది. ఎండకు ఎత్తి పట్టి చిల్లు ఉందేమో చూస్తుంది. అదంతా అయ్యాక నా మొహం చూస్తుంది. గిన్నెను చూసిన చూపు కంటే ఆ చూపు గట్టిది. అందులో నేను నెగ్గితేనే బేరం మొదలవుతుంది. అందుకని నా మొహం ఆమె మొహానికి సమానంగా ఉండాలి. ఎత్తు మీద కూర్చుంటే నేను పొలాల లెక్కలు రాసే పట్వారీలా కనిపిస్తాను. పట్వారీ దగ్గర గిన్నెలు ఎవరు కొంటారు?

ఆ పొద్దున గాడీలోకి మూట ఎత్తుతూ, ఎదురింటి మిరపకాయల ఆయన పలకరిస్తే అటు తిరిగాను. అంతే. నడుంలో ఎక్కడో ఎండు వెదురు విరిగినట్టయింది. ఆ చప్పుడు నదికి అవతల ఆంధ్రాలో కూడా విన్నారట. మూట కింద పడింది గానీ నేను పడలేదు. పడి ఉంటే బాగుండేది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను, ఎవరో పోగొట్టుకున్న సూదిని వెతికిపెడుతున్నట్టు.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. నేను ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి. తల ముందు రావాల్సిన చోట నాకు కాళ్ళు ముందు వచ్చాయి. ఎదురుకాళ్ళవాడు వెనక నుంచి మూడు తన్నులు తంతే పట్టిన నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. కాబట్టి నాకు ఊహ తెలిసినప్పటి నుంచి జనం మా గడపలో తన్నులు తినడానికి వరుస కట్టి నిలబడ్డారు. రైతులను తన్నాను. లారీ డ్రైవర్లను తన్నాను. పట్వారీని తన్నాను, తహసీల్ ఆఫీసు పెద్దబాబును తన్నాను. సర్కారు మనుషులను తన్ని, తన్నినందుకు దండం పెట్టించుకున్న పౌరుడు బస్తర్ మొత్తంలో నేనొక్కణ్ణే. నా కాలికి ఉన్న పరపతి నా నోటికి ఏనాడూ లేదు.

అలాంటి నాకే నడుం పట్టింది. తన్నేవాణ్ణి తన్నేదెవరని ఊరు ఆలోచనలో పడింది.

“ఎదురుకాళ్ళోళ్ళే కావాల్నా ఏంది? నేను తంతే పనిచెయ్యదా?” అంది మా ఆవిడ. “పెళ్ళయిన కాడి నుంచి దాచుకున్న కోరిక. దాని బలం చాలదా?”

“కానియ్యమ్మా, మేం అటు తిరుగుతం,” అన్నాడు మిరపకాయల ఆయన.

చివరికి ఎవరూ తన్నలేదు. వంగిన ఆకారం చెడకుండా నన్ను ఎత్తి, మంచం మీద పక్కకు తిప్పి పెట్టారు.

తర్వాత జగదల్‌పూర్‌లో ఎముకల డాక్టరుకు చూపించాం. ఆయన ఫొటోలు తీయించి, కాళ్ళు ఎత్తించి దించి, గుచ్చి చూసి, ఎముక విరగలేదు, ఆపరేషన్ అక్కర్లేదు, మందులు వాడు, మెల్లగా నడుస్తూ ఉండు, ఇప్పట్లో బరువులెత్తకు అన్నారు. అందులో నాకు వినపడింది ‘ఆపరేషన్ అక్కర్లేదు’. నా వెంట వచ్చిన మా బావమరిదికి వినపడింది ‘బరువులెత్తకు’.

మా బావమరిది చురుకైనవాడు. నా వ్యాపారంలో నాతో పాటే ఉంటాడు. ఏ పని చేయాలన్నా ముందు ఫోనులో వీడియో చూసి వస్తాడు. అన్నం తినడానికి ముందు కూడా ఒకటి చూస్తాడని నా అనుమానం. డాక్టరు దగ్గర నుంచి తిరిగి వస్తుంటే గాడీలో నా పక్కన ఒక పెద్ద అట్టపెట్టె ఉంది. ఇంటికొచ్చాక విప్పాడు. కుర్చీ. నల్లది, చక్రాలది, చేతులు పెట్టుకునే చోటుంది, తల ఆనించుకునే చోటుంది, గిరగిరా తిరుగుతుంది. కలెక్టరు చూస్తే తన కుర్చీ ఇచ్చి ఇది పట్టుకుపోయేవాడు. దాన్ని దుకాణంలో గల్లా వెనక పెట్టి, అరచేత్తో సీటు మీద కొట్టాడు.

“ఇగ సంతలు నేను చూసుకుంట బావా. నువ్వు ఈడ కూసో, రాజు లెక్క.”

“రాజులు సంతకు పోరా?”

“పోరు. మనుషుల్ని పంపుతరు.”

“నువ్వు నేల మీద ఎట్ల కూసుంటవురా? ప్యాంటు నలుగుద్ది గదా.”

“నేల మీద ఎవరు కూసుంటరు బావా ఈ రోజుల్ల? మడతబల్ల చూసి పెట్టిన. మీద గొడుగు. గిన్నె గిన్నెకు చీటీ అంటిస్త. ఫిక్స్ రేటు. ఇగ మాట్లాడేదే ఉండదు.”

మాట్లాడేదే ఉండదట. నలభై రకాల గిన్నెలు అమ్మే మనిషి నోరు మూసుకుని గొడుగు కింద నిలబడతాడట. తెలుగు, హిందీ, హల్బీ, గోండీ, దోర్లీ, ఇన్ని భాషల్లో నేను బేరమాడి, ఇన్ని భాషల్లో తిట్లు తిని పెంచిన వ్యాపారం చీటీ అంటించుకుని కూర్చుంటుందట. కోపంతో నాకు నడుం నొప్పి పోయింది. కోపం తగ్గగానే తిరిగొచ్చింది. ఆ రెండింటికీ మధ్య దొరికిన సందులో తీర్మానం చేసుకున్నాను. నేను మళ్ళీ సంతలో నేల మీద కూర్చుంటాను. కుర్చీ ఎక్కను. నా నడుం ఎదురు తిరిగినా, నా ఇంట్లోవాళ్ళు ఎదురు తిరిగినా, బస్తర్ అంతా ఏకమై నన్ను ఎత్తి కుర్చీలో పడేసినా, దిగి నేల మీదే కూర్చుంటాను.

“దిగడానికి కూడ ఇద్దరు కావాలె నీకు,” అంది మా ఆవిడ.

మందులతో కొంత తగ్గింది. నిటారుగా నిలబడ్డాను, నడిచాను, బజారు దాకా వెళ్ళి టీ తాగి వచ్చాను. కానీ నేల మాత్రం అందలేదు. మోకాళ్ళు వంచి కిందికి దిగుతుంటే ఒక చోట నడుం ‘ఇక్కడి దాకానే’ అని ఆపేసేది. అక్కడి నుంచి నేలకు ఇంకా మూరెడు దూరం. రోజూ పొద్దున్నే వసారా గుంజ పట్టుకుని దిగేవాణ్ణి, రోజూ అదే మూర. చంద్రుడి మీదికి మనిషి పోయాడు గానీ నేను మా వసారా నేల మీదికి పోలేకపోయాను.

ఈలోపు బావమరిది బల్లా గొడుగూ పట్టుకుని సంతకు వెళ్ళొచ్చాడు. గిన్నెలు అమ్ముడుపోయాయి. అదే నా కడుపుమంట. పోకుండా ఉంటే నాకు వాదించే పనే తప్పేది.

“ముసలోళ్ళు వచ్చి చూసి పోయిండ్రు. నీ గురించి అడిగిండ్రు. పోరగాళ్ళు మాత్రం చీటీ చూసి తీసుకున్నరు,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కుర్చీని మెల్లగా నా వైపు తిప్పాడు.

అలాంటి రోజుల్లో నగర్‌నార్ స్టీల్ ప్లాంటులో పనిచేసే మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. మా ఆవిడ స్పీకరు పెట్టింది.

“అన్నా, మా క్వార్టర్లల్ల ఒకామె ఉంది. ఆంధ్రా మనిషి, ఆమె భర్త మా ప్లాంటుల చేస్తడు. జగదల్‌పూర్‌ల గది తీసుకొని చూస్తది. ఆస్టియోపతి అంటరు. నా మెడ ఆమె దగ్గరనే తిరిగింది.”

“హోమియో తెల్ల గోళీలా?” అంది మా ఆవిడ.

“గోళీలు లేవు వదినా. సూదులు లేవు. వట్టి చేతులే.”

“అంటే మాలిష్,” అన్నాడు బావమరిది. “దానికి జగదల్‌పూర్ దాకా ఎందుకు బావా? ఈడ సెలూన్‌ల చేస్తరు. గడ్డం కూడ గీస్తరు.”

అప్పటిదాకా నాకు వెళ్ళాలా వద్దా అని ఉండింది. వాడి మాటతో వెళ్ళాలని తేలిపోయింది. మర్నాడు ఒక దిండు నడుం వెనక, ఒక దిండు కింద, ఒక దిండు గుండెకు హత్తుకుని బస్సెక్కాను. దర్భా ఘాట్ మలుపుల్లో బస్సు తిరిగినన్నిసార్లు నా నడుం తన అభిప్రాయం చెప్పింది. బస్సులో నా పక్కన కూర్చున్నాయన నా మూలుగులు విని, ప్రసవానికి పోతున్నది నేనే అనుకున్నాడేమో, తన సీటు కూడా నాకే వదిలేశాడు.

ఆ గదిలో పెద్ద సామానేమీ లేదు. ఎత్తయిన బల్ల ఒకటి, దాని మీద మెత్త. బల్లకు ఒక చివర రంధ్రం. బోర్లా పడుకున్నప్పుడు మొహం పెట్టుకోవడానికట. గిన్నెల వ్యాపారిని, చిల్లున్న వస్తువును నేను ఊరికే నమ్మను. ఆమెను చూస్తే ఇంకా అనుమానం వచ్చింది. మనిషి సన్నగా, నా దగ్గరి పెద్ద గంజులో పట్టేంత ఉంది. నన్ను ఈమె కదిలించాలంటే ఇంకో పదిమందీ, ఒక జాకీ కావాలి అనుకున్నాను.

ఆమె బల్ల ఎక్కమనలేదు. ఎదురుగా కూర్చుని అడగటం మొదలుపెట్టింది. నా పెళ్ళి చూపుల్లో కూడా మా మామగారు అన్ని ప్రశ్నలు అడగలేదు. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, దేనికి పెరుగుతుంది, దేనికి తగ్గుతుంది. కాలిలోకి దిగుతోందా. కాళ్ళలో బలం తగ్గిందా, తిమ్మిరుందా. తొడల మధ్య మొద్దుబారినట్టుందా. ఒంటేలు, విరేచనం అదుపులో ఉన్నాయా. జ్వరం వస్తోందా, ఊరికే చిక్కిపోతున్నానా, ఎప్పుడైనా గట్టిగా పడ్డానా. అన్నింటికీ లేదు, లేదు, లేదు అన్నాను. డాక్టరుగారి కాగితాలు, ఫొటోలు వెలుతురుకు పెట్టి చూసింది.

“వీటిలో దేనికైనా మీరు అవునంటే నేను చెయ్యి వేసేదాన్ని కాదండి,” అంది. “నేరుగా డాక్టరుగారి దగ్గరికే పంపేదాన్ని. అన్ని నడుం నొప్పులూ చేతులతో పోయేవి కావు.”

తన దుకాణానికి వచ్చినవాణ్ణి వేరే దుకాణానికి పంపుతాననే వ్యాపారిని అదే మొదటిసారి చూడటం.

“రోజూ ఒకే కాలి మీద బరువు వేసి చేసే పనేదైనా ఉందాండి?”

“తన్నడం,” అన్నాను.

“ఏమన్నారు?”

“ఎడమ కాలితో తంత. మనిషికి మూడు.”

రాస్తున్న కలం ఆగింది. “ఎవర్నండీ?”

“అడిగినోళ్ళందర్నీ.”

ఎదురుకాళ్ళ కథంతా చెప్పాను. పెద్దబాబుగారి దండం దాకా వచ్చేసరికి ఆమె కలం పక్కన పెట్టి నవ్వింది.

“మా అమ్మమ్మగారి ఊళ్ళో కూడా ఉండేవారండి ఒకాయన. ఆయన తన్నితే మా తాతయ్యకి తగ్గింది.”

“చూసిండ్రా,” అన్నాను, కాలరు సర్దుకుంటూ.

“పట్టిన నడుం చాలామందికి కొన్నాళ్ళకి దానంతటదే వదులుతుందండి. ఆ రోజుల్లో ఎవరు తంతే వాళ్ళకి పేరొస్తుంది. నాకొచ్చే పేరులో కూడా కొంత అలా వచ్చిందే.”

నా జీవితకాలపు కీర్తిని ఆమె ఒక్క మాటతో తీసి గట్టున పెట్టింది. నాకు కోపం రావాలి. తన కీర్తిని కూడా పక్కనే పెట్టింది కాబట్టి రాలేదు.

“పెద్ద వయసువాళ్ళని మాత్రం తన్నకండి,” అంది. “ఎముకలు గుల్లబారి ఉంటాయి. విరిగితే మళ్ళీ అతకడం కష్టం.”

“పట్వారీని?”

“పట్వారీ సంగతి మీ ఇష్టం.”

అప్పుడు నిలబెట్టింది. వెనక నుంచి చూసింది, పక్క నుంచి చూసింది. వంగమంది, ఒరగమంది, తిరగమంది. ఊపిరి పీల్చమని పక్కటెముకల మీద చేతులు ఆనించింది. నేను గిన్నెను కొట్టి వినేటప్పుడు నా మొహం ఎలా ఉంటుందో ఆమె మొహం అలా ఉంది. అందుకని మాట్లాడకుండా నిలబడ్డాను. నా విషయంలో అది చరిత్ర.

బల్ల మీద పడుకోబెట్టాక నేను కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, ఇంట్లోవాళ్ళను మనసులో క్షమించేసి సిద్ధమయ్యాను. మెడ పటుక్కుమనడం, ఎముకలు టపటపలాడటం, బావమరిది ఫోనులో చూపించినవన్నీ వస్తాయనుకున్నాను. ఏవీ రాలేదు. అరచేయి ఒకటి నడుం మీద ఆనింది. అక్కడే ఉండిపోయింది. తర్వాత మెల్లగా నొక్కుతూ, వదులుతూ, ఊయలను కాలితో ఊపుతున్నట్టు నన్ను అటూ ఇటూ ఊపింది. తొడ పట్టుకుని తుంటిని గుండ్రంగా తిప్పింది. మోకాలి మీద చెయ్యి పెట్టి, “నా చేతిని తొయ్యండి. కొంచెమే. ఆ. ఇప్పుడు వదిలెయ్యండి,” అంది. వదిలేసిన క్షణంలో కాలు నాకు తెలియకుండా ఇంకొంచెం ముందుకు పోయింది. నా కాలు నన్ను అడగకుండా ఎక్కడికైనా పోవడం అదే మొదలు.

“నడుం ఎముక పక్కకు పోయిందా అమ్మా? లోపల పెడుతున్నరా?”

“ఎముక ఎక్కడికీ పోలేదండి. అది అంత తేలిగ్గా పోయే వస్తువు కాదు. చుట్టూ ఉన్న కండరాలు భయపడి బిగుసుకున్నాయి.”

నా నడుం భయపడిందంటే నాకు నామోషీగా అనిపించింది. ఏ ఆఫీసరుకూ భయపడని వంశం మాది.

“నొప్పి ఉన్న చోటే తప్పు ఉండాలని లేదండి,” అంటూ చెప్పుకుపోయింది. “ఒళ్ళంతా ఒకదానికొకటి ముడిపడి ఉంటుంది. మీ ఎడమ తుంటి సరిగా కదలట్లేదు. అది చేయాల్సిన పని కూడా నడుమే చేస్తోంది. నేను బిగువు ఎక్కడుందో చేత్తో వెతికి, కాస్త సడలిస్తాను. మిగతాది మీ ఒళ్ళు చేసుకోవాలి, మీరు చేయించాలి. ఆస్టియోపతి అంటే ఇంతేనండి. మంత్రం కాదు.”

ఒకడు కదలకుండా కూర్చుంటే ఇంకొకడు ఇద్దరి పనీ చేసి నడుం విరగ్గొట్టుకోవడం. మా ఇల్లు ఈమెకు ఎవరు చెప్పారా అనుకున్నాను.

బల్ల దిగాక ఆమె మామూలుగా అడిగింది, “దుకాణంలో కుర్చీ వాడొచ్చు కదండీ?”

ఆ మాట విని నేను మండిపోయాను. దర్భా ఘాట్ దాటి, మూడు దిండ్లు మోసుకుని, శత్రువు కోటలోకి వచ్చి పడ్డానా అనిపించింది. “మీరు కూడా మా బామ్మర్ది పార్టీయేనా?” అని మొదలుపెట్టి, గోనెపట్టా, గొంతుక్కూర్చునే ఆవిడ, గిన్నె మోత, మొహానికి మొహం, పట్వారీ, చీటీలు, అన్నీ చెప్పేశాను. కుర్చీ ఎక్కితే నేను వ్యాపారిగా కాదు, సామానుగా మిగులుతానని చెప్పాను. నాకు కావాల్సింది నొప్పి పోవడం కూడా కాదు, ఆ మూరెడు దిగడం అన్నాను.

ఆమె మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక, “అయితే నేల మీదే కూర్చుందురు గాని,” అంది. “నేల మీద కూర్చోవడం తప్పు కాదండి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కదలకుండా బిగుసుకుని కూర్చోవడం తప్పు. కాసేపటికోసారి లేచి నాలుగడుగులు వెయ్యాలి. బేరం ఉన్నా లేవాలి. మూటలు చిన్నవి కట్టుకోండి, ఎత్తుతూ పక్కకి తిరక్కండి. ఎంత దిగగలిగితే అంతే దిగి రోజూ సాధన చెయ్యండి. పూర్తిగా దిగుతారని మాట మాత్రం ఇవ్వలేను.”

ఏనుగులు కట్టిన చేత్తో మేకపిల్లలను కట్టమంటోంది. ఒప్పుకున్నాను. ఆ రోజు ఆ గదిలోనే బల్ల పట్టుకుని దిగి చూశాను. మూర, జానెడయింది. నా జానే, మా బావమరిది జాన కాదు.

ఇంటి దగ్గర వసారాలో చాప వేసి ఆమె చెప్పినవి మొదలుపెట్టాను. చేతులూ మోకాళ్ళూ నేల మీద పెట్టి వీపు పైకి ఎత్తడం, దించడం. వెల్లకిలా పడుకుని మోకాలు గుండెకు లాక్కోవడం. ద్వారబంధం పట్టుకుని దిగడం, లేవడం. మా వసారా బజారుకు ఎదురుగా ఉంది కాబట్టి నా వైద్యం మొత్తం కొంటా సమక్షంలోనే జరిగింది. బస్సులు మా ఇంటి ముందు మెల్లగా పోయేవి. సినిమాకు కూడా అంత జనం రారు.

“ఏందయ్యా, కుక్క లెక్క నిలబడ్డవ్?” అని అడిగాడు మిరపకాయల ఆయన.

“పిల్లి లెక్క. ఇప్పుడు వీపు దించిన గదా, చూస్కో.”

“తన్నేటోడివి, నువ్వే ఇంకో చోటికి పోయి వైద్యం చేయించుకుంటే నీ కాలి మహిమ పోదా?”

“పోతే పోనియ్. నీ నడుం పట్టినప్పుడు కుర్చీ ఉంది, దాంట్ల కూసో.”

మా ఆవిడ వారం దాకా తలుపు చాటు నుంచి నవ్వింది. తర్వాత ఒక పొద్దున చీర కుచ్చిళ్ళు దోపుకుని, నా పక్కనే చాప మీద వీపు ఎత్తి, “నాక్కూడ పట్టేస్తంది, ఎవరికి చెప్పిన?” అంది. ఆ తర్వాత ఆమె ఏ రోజూ నవ్వలేదు. నేను తప్పు చేస్తే తిట్టింది, నడుం తగ్గించి ఎత్తమని. మొత్తం బస్తర్‌లో నాకు దొరికిన ఒకే ఒక్క సైనికురాలు.

నేరుగా బాగుపడ్డానని చెబితే అది నేను పెంచి చెప్పేవాటిలోకి కూడా రాదు, పచ్చి అబద్ధం అవుతుంది. మధ్యలో ఒకసారి ఆస్టియోపతి ఆమెకు మళ్ళీ చూపించుకుని జగదల్‌పూర్ నుంచి వస్తుంటే ఘాట్‌లో బస్సు ఎగిరి, నడుం మళ్ళీ పట్టేసింది. జానెడు మళ్ళీ మూరెడయింది. బావమరిది గుడ్డ తెచ్చాడు. కుర్చీ దుమ్ము తుడిచాడు. వాడు ఏదైనా అని ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. జగదల్‌పూర్ ఆమెకు ఫోను చేస్తే, ఇలా అవుతూ ఉంటుంది, మొదటినుంచి కాదు, ఆగిన చోట నుంచి మొదలుపెట్టండి అంది. రెండు రోజులు మంచం మీద ఉండి, మూడో రోజు చాప పరిచాను. ఆ పూట కోపంతో చేశాను. కోపానికి కండరాలు సడలవని ఆమె చెప్పింది గానీ, నా కండరాలు నాలాంటివే, వాటికి కాస్త కోపం పట్టించాలి.

ఎండలు ముదరక ముందు ఒక సంత రోజున, చిన్న మూటలు గాడీలోకి నేనే ఎత్తాను. ఎత్తుతుంటే మిరపకాయల ఆయన పలకరించాడు. తిరగలేదు. ఆయన బాధపడ్డాడు.

బావమరిది తన బల్ల, గొడుగు, చీటీలు కూడా ఎక్కించాడు. నల్ల కుర్చీ కూడా ఎక్కించాడు. “ఊకె, పక్కన ఉంటది బావా. వట్టిగనే,” అన్నాడు. వాడిలో చెడ్డతనం లేదు. నన్ను జాగ్రత్తగా అల్మారాలో పెట్టాలనుకుంటున్నాడు, అంతే.

సంతలో నా చోట గోనెపట్టా పరిచాను. పక్కన వాడి గొడుగు తెరుచుకుంది. ఎదురుగా ఎండు చేపలు అమ్మే ఆమె, అవతల ఉప్పు, ఇవతల మట్టికుండలు. అందరూ పని ఆపి నన్నే చూశారు. కోళ్ళు కూడా కూయడం మానేశాయి. మోకాలి మీద చెయ్యి పెట్టి దిగాను. మూర దాటింది. జాన దాటింది. బెత్తెడు దగ్గర నడుం తన పాత మాట మొదలుపెట్టబోయింది. నేను ఊపిరి వదిలాను. గోనె తగిలింది.

“ఏంది సేటూ, చచ్చినవనుకున్న,” అంది మొదట వచ్చిన ముసలామె. అడవి లోపలి ఊరి దోర్ల తెగ మనిషి. నేనీ సంతకు వచ్చినన్నేళ్ళూ ఆమె నాతో బేరమాడింది.

“చచ్చినోడి దగ్గరకు గిన్నెకొచ్చినవా?”

“తక్కువకిస్తవని వచ్చిన.”

గొడుగు వైపు ఒకసారి చూసి, నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. పెద్ద గంజు తీసి, బోర్లించి, కణుపుతో కొట్టింది. ఎండకు ఎత్తింది. నా మొహం చూసింది. నేనూ చూశాను. ధర చెప్పాను. ఆమె దాన్ని సగం నరికి నా ముందు పడేసింది. నేను మా నాన్నను తలుచుకుని ఏడ్చాను. ఆమె తన మేకలను తలుచుకుని ఏడ్చింది. ఒళ్ళు పులకరించింది నాకు.

సరిగ్గా బేరం కొన దగ్గర, జేబులో ఫోను మోగింది. లేవాల్సిన వేళకు మా ఆవిడ పెట్టి పంపిన గంట అది.

మా సంతల్లో ఒక కట్టుబాటు ఉంది. బేరం నడుస్తుండగా అమ్మేవాడు లేచాడంటే ‘ఇంక నీతో మాటల్లేవు’ అని. అది అవతలి మనిషి మొహం మీద తలుపు వేయడమే. ఇన్నేళ్ళలో నేను అలా ఎవరి ముందూ లేవలేదు. లేవకపోతే నడుం మళ్ళీ బిగుస్తుంది, వచ్చే సంతకు నేను కుర్చీలో ఉంటాను. కట్టుబాటు వైపు చూశాను, నల్ల కుర్చీ వైపు చూశాను. లేచాను.

ముసలామె నోరు తెరిచింది. “ఏంది, లేస్తన్నవ్? అంత కోపమా?”

“కోపం కాదే. నడుం. కాసేపు నడవాలె, మళ్ళ వచ్చి కూసుంట.”

“నడుమేంది నడుం. నా ధర నచ్చక లేస్తన్నవ్.” గంజు చంకలో పెట్టుకుని తనూ లేచింది. “సరే, ఇంకొంచెం ఎక్కిస్త. కూసో.”

“కూసోను. ముందు నడవాలె.”

“ఇంకొంచెం.”

నేను నిజం చెబుతున్నాను, ఆమె ధర పెంచుతోంది. వ్యాపారంలో నాకు ఇలాంటి ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. నేను కుండల వరుస వెంట నడిచాను. ఆమె గంజును కొడుతూ నా వెనకే నడిచింది. చిల్లు ఉందంది, లేదన్నాను. పలచనంది, దాన్ని ఏనుగు తొక్కినా సొట్ట పడదన్నాను.

“పొద్దున్నే ఏడడుగులు నడుస్తున్నరే ఇద్దరు,” అంది ఎండు చేపలామె.

“బావా,” అని పిలిచాడు బావమరిది గొడుగు కింద నుంచి. “కూసోని మాట్లాడు. కుర్చీ ఈడనే ఉంది.”

వాడి వైపు చూడకుండా ఉప్పు దాకా పోయి, వెనక్కి తిరిగి నా గోనెపట్టా దగ్గరికి వచ్చాను. ముసలామె ముందుగా కూర్చుని గంజును ఒళ్ళో పెట్టుకుంది. నేను మోకాలి మీద చెయ్యి పెట్టి దిగాను. బెత్తెడు దగ్గర నడుం కలుక్కుమంది. నీతో తర్వాత మాట్లాడతాను అని దానికి చెప్పి, కూర్చున్నాను.

“ఊ, ఇప్పుడు చెప్పు,” అన్నాను ఆమెతో. “ఎంత దాకా ఎక్కించినవ్?”